నలభై ఎనిమిది అంకెల తాళం

చీమకుర్తిలో మాకొక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఉంది. ‘మాకు’ అనడం నోటి అలవాటే గానీ, ఉన్నది మా యజమానికి. నేను అక్కడ లెక్కలు రాసేవాణ్ణి. డిగ్రీలో కంప్యూటర్ ఒక సబ్జెక్టుగా చదివిన పాపానికి, ఆఫీసులోని మూడు కంప్యూటర్లకు వైద్యం చేసే బాధ్యత కూడా, జీతంలో ఏ మార్పూ లేకుండా, నాకే సంక్రమించింది.

మా యజమానికి దొంగల భయం లేదు, దయ్యాల భయం లేదు. ఆయన భయమంతా టెలిమెట్రీ గురించే, అంటే కంప్యూటర్ తన సంగతులను విండోస్ తయారుచేసిన కంపెనీకి తనంతట తానే పంపడం గురించే. ఆ మాటను ఆయన ఎక్కడ విన్నారో తెలియదు గానీ, ఒకనాటి ఉదయం వస్తూనే, “ఏందయ్యా, ఈ విండోస్ మన సంగతులన్నీ పైకి చేరేస్తా ఉందంటనే!” అని నిలదీశారు. యంత్రంలో ఏ భాగాలున్నాయి, ఏ ప్రోగ్రాము ఎప్పుడు కూలింది, అప్‌డేట్ సవ్యంగా ఎక్కిందా లేదా అన్న వివరాలే తప్పనిసరి సమాచారం కింద వెళతాయనీ, మిగిలినది మనం ఒప్పుకుంటేనే వెళుతుందనీ నేను ఓపికగా వివరించాను. అంతటితో ఆపి ఉంటే బాగుండేది. పాండిత్య ప్రకర్ష కోసం, ఆ ఐచ్ఛిక సమాచారంలో, ప్రోగ్రాము కూలిన క్షణాన తెరిచి ఉన్న ఫైలులోని ముక్కలు కూడా ఒక్కోసారి కలిసిపోవచ్చునని చేర్చాను. ఆయన ఆ ఒక్క వాక్యాన్నే పట్టుకుని మూడు రోజులు నిద్రపోలేదు.

నాలుగో రోజున గ్రూప్ పాలసీ అనే విండోస్ సెట్టింగుల పట్టిక తెరిచి, సమాచారం పంపే స్థాయిని సున్నాకు దించి, ఇక చీమ కూడా బయటికి పోదని ఆయనకు అభయమిచ్చాను. ఆ సున్నాను ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ వంటి ఎడిషన్లు మాత్రమే మన్నిస్తాయనీ, మా దగ్గరున్న ప్రో ఎడిషన్ దాన్ని ఒకటిగానే, అంటే తప్పనిసరి సమాచారం పంపే స్థాయిగానే లెక్కవేసుకుంటుందనీ నేను ఆ తర్వాత చదివాను. చదివిన సంగతి ఆయనకు చెప్పలేదు. ఆయన అప్పుడప్పుడే మళ్ళీ నిద్రపోతున్నారు.

ఇంత కట్టుదిట్టం చేసిన ఆఫీసులో, కంప్యూటర్ పాస్‌వర్డు మాత్రం మానిటర్ అంచున అతికించిన చీటీ మీద ముత్యాల్లాంటి అక్షరాలతో ఉండేది. కాటా దగ్గర లారీ తూకం వేయించుకుని వచ్చే డ్రైవర్లకు కూడా అది కంఠతా వచ్చు. ఇక మా టీ కుర్రాడున్నాడు. అతనికి సున్నా స్థాయి అంటూ లేదు. తప్పనిసరి సమాచారాన్ని టీతో పాటు ఇస్తాడు. ఐచ్ఛిక సమాచారాన్ని, ఎవరూ ఒప్పుకోకపోయినా, గ్లాసులు తీసుకుపోయేటప్పుడు ఇస్తాడు. ఏ స్లాబు ఏ ధరకు పోయిందో కొన్నవాడి కంటే ముందు పక్క యూనిట్ వాళ్ళకు తెలిసేది.

యజమాని దృష్టిలో అప్‌డేట్ అన్నా టెలిమెట్రీ అన్నా ఒకటే దొంగకు రెండు పేర్లు. అందువల్ల 35 రోజుల చొప్పున వాయిదా వేయడం, ఆ గడువు తీరాక ఆయన లేని ఆదివారం చూసుకుని నేను గుట్టుగా ఎక్కించడం మా సంప్రదాయమైంది. 2017 మే 12న వన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతటా కంప్యూటర్లకు తాళాలు వేసి డబ్బు అడిగిందనీ, మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని సైతం దానికి చిక్కాయనీ, దానికి విరుగుడు మార్చి 14నే వచ్చినా ఎక్కించుకోనివాళ్ళే ఎక్కువగా దెబ్బతిన్నారనీ చెప్పి చూశాను. “పోలీసులకే దిక్కు లేనప్పుడు మనమెంత?” అని ఆయన తేల్చేశారు. తర్కంలో లోపం వెతకడానికి నాకు చాలా సేపు పట్టింది.

ఇలా ఉండగా 2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మద్దతు ముగిసింది. కొనసాగించుకోవాలంటే వ్యాపార సంస్థలు ఒక్కో యంత్రానికి మొదటి ఏడాది 61 డాలర్లు కట్టాలనీ, ఆపై ఏటేటా అది రెట్టింపవుతుందనీ తెలిసిన మరుక్షణమే యజమానికి విండోస్ 11 మీద అపారమైన గౌరవం కలిగింది. బిల్లులు చేసే కంప్యూటర్ ఎనిమిదో తరం ప్రాసెసర్‌ది కావడంతో దానికి ఆ యోగ్యత ఉంది; స్టార్టయ్యేటప్పుడు పరాయి ప్రోగ్రాములను దూరనివ్వని సెక్యూర్ బూట్ ఒక్కటే ఆన్‌లో లేదు. అక్టోబర్ 18, శనివారం, ధనత్రయోదశి. యజమాని తిరుమల వెళ్ళారు. ఇంతకంటే మంచి ముహూర్తం దొరకదనుకుని, విండోస్ కంటే ముందు లేచే బయాస్ సెట్టింగుల్లోకి వెళ్ళి సెక్యూర్ బూట్ ఆన్ చేసి, కాలరు సర్దుకుని, కంప్యూటర్‌ను మళ్ళీ స్టార్ట్ చేశాను.

తెర నీలంగా మారి, 48 అంకెల రికవరీ కీ చెప్పమని అడిగింది.

తప్పు యంత్రానిది కాదు. “ఎవడన్నా డబ్బా ఎత్తుకుపోతే మన లెక్కలేం గాను?” అని యజమాని బెంగపడితే, ఏడాది కిందట డిస్కుకు బిట్‌లాకర్ అనే తాళం, అంటే తాళంచెవి లేనిదే అందులోని సమాచారం చదవనివ్వని ఏర్పాటు, వేసింది నేనే. ఆ తాళంచెవి లోపల టీపీఎం అనే చిప్‌లో ఉంటుంది. యంత్రం రోజూ లేచే తీరులో తేడా కనిపిస్తే, ఎవడో పరాయివాడు చెయ్యి పెట్టాడని అనుమానించి అది తాళంచెవి ఇవ్వదు; అప్పుడిక మారుతాళంచెవి లాంటి ఆ రికవరీ కీయే దిక్కు. బయాస్‌లో చెయ్యి పెట్టేముందు బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా ఆపి ఉంచాలన్నది ఒకటో తరగతి పాఠం. నేను నేరుగా డిగ్రీలో చేరినవాణ్ణి.

బయట లారీలో చెన్నై వెళ్ళాల్సిన బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ స్లాబులు కట్టి సిద్ధంగా ఉన్నాయి. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు లేనిదే బండి కదలరాదు; బిల్లుకు కావలసిన ఇన్వాయిస్ ఆ నీలం తెర వెనక ఉంది. డ్రైవరు లోపలికి తొంగిచూసి, “పాస్‌వర్డు చీటీ మీదే ఉందిగదన్నా” అని సాయం చేయబోయాడు.

రికవరీ కీని నేను కాగితం మీద ప్రింటు తీసి యజమానికి ఇచ్చిన మాట నిజం. ఆయన దాన్ని ఒంగోలులోని తమ ఇంట్లో, పూజగదిలో లక్ష్మీదేవి పటం వెనక దాచిన మాటా నిజం. ఇంట్లో ఉన్నది ఆయన తండ్రిగారు, లెక్కల మాస్టారుగా రిటైరైనవారు. ఆయన చేతిలో ఉన్నది ఫొటోలు తీయలేని బటన్ల ఫోను. మాస్టారు పటం వెనక నుంచి కాగితం తీసి, బడిలో హాజరు పిలిచే గొంతుతో, ఆరేసి అంకెల గుంపులు ఒక్కొక్కటిగా చదవసాగారు. నాలుగు గుంపులు నిర్విఘ్నంగా ఎక్కాయి. ఐదో గుంపు దగ్గర ఆగిపోయారు.

“నాలుగు, అయిదు, తర్వాతది పసుపు కింద పడింది నాయనా. పండగని పొద్దున్నే పటానికి బొట్లు పెట్టారు. ఆ తర్వాత రెండు, ఎనిమిది, తొమ్మిది.”

సున్నా నుంచి తొమ్మిది దాకా ఒక్కొక్క అంకె వేసి చూస్తాను లెండి, గుంపు తప్పయితే తెరే చెబుతుంది అన్నాను. ఎలా చెబుతుందని అడిగారు. ప్రతి గుంపూ పదకొండుతో శేషం లేకుండా భాగింపబడాలి, అదే దాని గుర్తు అన్నాను. అవతల కాసేపు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఆయన వయసు ముప్పై ఏళ్ళు తగ్గిందని నాకు ఫోనులోనే తెలిసింది.

“ఆ మాట ముందే చెప్పవద్దూ? పదిసార్లు వేసి చూడటం లెక్క కాదు, దొమ్మీ! బేసి స్థానాల్లో నాలుగు, ఎనిమిది, వెరసి పన్నెండు, దానికి పసుపు అంకె కలపాలి. సరి స్థానాల్లో అయిదు, రెండు, తొమ్మిది, వెరసి పదహారు. రెండూ సమానం కావాలంటే పసుపు కింద ఉన్నది నాలుగు. వెయ్యి!”

వేశాను, ఎక్కింది. (గుంపును ఇక్కడ రాసేశానని ఎవరూ కంగారు పడనక్కర్లేదు, ఆ తర్వాత కీ మార్చాను.) మిగిలిన మూడు గుంపులూ పూర్తయి కంప్యూటర్ తెరుచుకునేసరికి, డ్రైవరూ, కాటా మనిషీ, టీ కుర్రాడూ నా కుర్చీ చుట్టూ నిలబడి చప్పట్లు కొట్టారు.

ఇన్వాయిస్ చేసి, ఈ-వే బిల్లు పోర్టల్‌లోకి వెళ్ళాను. 2025 ఏప్రిల్ 1 నుంచి వ్యాపారులందరికీ అక్కడ పాస్‌వర్డుతో పాటు ఓటీపీ తప్పనిసరి. నా నంబరుతో సబ్ యూజర్‌ను పెట్టుకుందామని అప్పట్లోనే అడిగితే, తాళాలు పదిమంది చేతుల్లో ఉంటే ఇల్లు నిలవదని యజమాని ఒప్పుకోలేదు. కాబట్టి ఓటీపీ ఆయన ఫోనుకే వెళ్ళింది. శ్రీవారి ఆలయంలోకి ఫోను తీసుకుపోనివ్వరు. అది ఏ డిపాజిట్ కౌంటర్‌లోనో సంచిలో పడుకుని ఉంటుంది.

డ్రైవరు లారీ నీడన తువ్వాలు పరుచుకున్నాడు. సాయంత్రం అయిదున్నరకు యజమాని దగ్గర నుంచి ఫోను వచ్చింది.

“దర్శనం బాగా జరిగిందయ్యా. ఏందీ, నీలం తెర వచ్చిందంట, పసుపు కింద నాలుగుందని నాయన చెప్పాడంట?”

ఎవరు చెప్పారని నేను అడగలేదు. టీ కుర్రాడు గ్లాసులు కడుగుతూ గోడ వైపు తిరిగాడు. మళ్ళీ ఓటీపీ పంపిస్తున్నాను, వచ్చిన వెంటనే చెప్పమన్నాను. ఆయన చుట్టూ గోవింద నామాలు మార్మోగుతున్నాయి. నాకు వినబడటం లేదని ఆయన గొంతు పెంచి, ఆరు అంకెలనూ ఏడుకొండలకూ వినబడేటట్టు అరిచారు. చివరి అంకె ఒకటో, ఏడో తేలలేదు. మరోసారి చెప్పమని అడిగేలోపే ఫోనులో ఎవరో అపరిచిత భక్తుడి గొంతు స్పష్టంగా వినిపించింది:

“ఏడన్నా, ఏడు. తొందరగా వెయ్యి, టైమైపోతది!”