తాత రేసుకారు, నా పరిశోధన

కర్నూలు పాతబస్తీలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో మా తాత రేసుకారు ఉంది. ఒక్కరే కూర్చునే బండి. తలుపుల్లేవు, పైకప్పు లేదు, కదిలే ఉద్దేశమూ లేదు. తాత దాన్ని సొంతంగా కట్టి, మద్రాసు దగ్గర షోలవరం తీసుకుపోయాడని బంధువులంతా చెబుతారు. యుద్ధకాలం నాటి విమానాల రన్‌వే మీద అప్పట్లో అక్కడ కార్ల పందేలు జరిగేవి. గెలిచాడా అని అడిగితే మాత్రం కాఫీ తాగుతావా అంటారు.

ఈ సంక్రాంతి సెలవుల్లో దాని చరిత్ర తేల్చాలని కూర్చున్నాను. కాగితాలున్న ట్రంకుపెట్టెను 2009 వరదలో తుంగభద్ర తీసుకుపోయింది. కారును మాత్రం వదిలేసి, సీటు నిండా ఒండ్రు పోసి వెళ్లింది. నదికి కూడా అది నచ్చలేదని మా ఆవిడ అభిప్రాయం.

మెకానిక్‌ను పిలిపించాను. ఆయన కిందికి దూరి, వెనక చక్రాల మధ్య స్ప్రింగు పట్టీల కమాన్ కట్ట అడ్డంగా ఉండటం చూసి "ఇది హెరాల్డు సామీ" అన్నాడు. మద్రాసులో 1961 నుంచి తయారైన స్టాండర్డ్ హెరాల్డ్, 948 సీసీ. ఆనాటి ఫియట్‌కి బాడీ, చట్రం ఒకటే. హెరాల్డ్‌కి అలా కాదు, బోల్టులు విప్పి బాడీ పక్కన పడేస్తే మనకు నచ్చిన తొడుగు వేసుకోవచ్చు. తాత తెలివి అక్కడుంది.

ముందున్న ముక్కు మీద రంగు గీకాను. ఎరుపు కింద పచ్చ, పచ్చ కింద అల్యూమినియం. ఇంత నున్నటి గుండ్రం చేత్తో సాగగొట్టాడంటే తాత సామాన్యుడు కాదు! ఇంకాస్త గీకితే చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు. సొట్టలో నలిగినవి పోగా మిగిలింది 'సౌ', '1964'. సౌ అంటే సౌత్ ఇండియానే అని పెదనాన్నకు ఫోన్ చేసి మరీ చెప్పాను.

ఛాసిస్ నంబరు కోసం కారులోకి దిగాను. తాత పుల్లలాంటి మనిషి. దిగేటప్పుడు ఊపిరి బిగబట్టాను, దిగాక వదిలాను. అంతే, ఇరుక్కుపోయాను. మెకానిక్ చంకల కింద చేతులేసి లాగితే కారు కూడా నాతోపాటే లేస్తోంది.

జేజి బుడ్డల నూనె గిన్నెతో వచ్చింది. నా దగ్గరికి రాకుండా ముక్కు దగ్గరే ఆగిపోయింది. చీరకొంగుతో తుడిచి, వేలితో చుక్కలు తడిమింది.

"ఇది నా వంట బోసి గదరా! చి.ల.సౌ. అని కొట్టించి మా నాయన పెండ్లికి పెట్టినాడు. దొంగలు ఎత్తకపోయినారని చెప్పినాడే మీ తాత!"

"జేజీ, నూనె..."

గిన్నె గట్టు మీద పెట్టేసి మెకానిక్ వైపు తిరిగింది.

"ముందు బోసి ఇప్పు అబ్బీ. వీడు యాడికీ పోడులే."