రోజుకి 100 ఫ్రీ

రీఛార్జ్ ప్యాక్‌లో రోజుకి 100 ఎసెమ్మెస్‌లు ఉచితమని రాసి ఉంటుంది. మీరూ నేనూ అయితే దాన్ని చదవం. మా బావ చదివాడు. చదివిన రోజు నుంచి ఆయనకి నిద్ర లేదు. వాట్సాప్ వచ్చాక ఎసెమ్మెస్ పంపే మనిషెవడు? అంటే డబ్బు పోసి కొన్న వంద మెసేజ్‌లు ప్రతి అర్ధరాత్రీ మురిగిపోతున్నట్టే కదా అని ఆయన బాధ.

దానికి తోడు ఆ వారమే తత్కాల్ టికెట్ తీస్తుంటే బ్యాంకు ఓటీపీ తీరిగ్గా వచ్చింది. అప్పటికి దాని గడువూ అయిపోయింది, బెర్తులూ అయిపోయాయి. ఇక లాభం లేదు, అసలు మెసేజ్ ఎంతసేపట్లో చేరుతోందో తేల్చాల్సిందేనని బావ ఒక రూళ్ళ నోట్‌బుక్ కొని గళ్ళు గీశాడు: పంపిన సమయం, చేరిన సమయం, స్థలం, వ్యాఖ్య. సొరుగులోంచి పాత ఫోన్ తీసి రెండో సిమ్ అందులో వేశాడు. ఒకటి ఆయన చేతిలో, రెండోది నా చేతిలో. రాజమండ్రిలో బామ్మర్దులకి ఇంతకంటే పెద్ద ఉద్యోగాలేం దొరుకుతాయి?

మేడ మీద, లిఫ్ట్‌లో, గోదావరి గట్టున, బాత్రూంలో తలుపేసుకుని, అన్ని చోట్లా పరీక్షలు జరిగాయి. మాట తెగిపోయే చోట కూడా మెసేజ్ ఠంచనుగా దిగేది. మెసేజ్‌కి కాల్‌లాగా పూర్తి దారి అక్కర్లేదట, నెట్‌వర్క్ తన సొంత కబుర్లు చెప్పుకునే సన్నదారిలో దూరిపోతుందట. ఒకసారి మాత్రం ‘ఒకటి’, ‘రెండు’, ‘మూడు’ అని వరసగా పంపితే ముందు మూడు వచ్చింది, తర్వాత ఒకటి. రెండు మేం భోజనాలకి కూర్చున్నాక వచ్చింది. వరస తప్పకూడదన్న హామీ ఎసెమ్మెస్‌లో ఎక్కడా లేదని బావ గర్వంగా నోట్‌బుక్‌లో ఎక్కించుకున్నాడు. మెసేజ్ చేరిందని పంపినవాడికి కబురిచ్చే డెలివరీ రిపోర్ట్ కూడా ఆన్ చేశాడు కాబట్టి ప్రతి మెసేజ్‌కీ రెండు ఫోన్లూ కుయ్‌మనేవి. అక్క దూది కోసం వెతికింది.

“1992 డిసెంబరు 3న ఇంగ్లండులో నీల్ పాప్‌వర్త్ అనే ఇంజినీరు ప్రపంచంలో మొదటి మెసేజ్ కొట్టాడురా. క్రిస్మస్ శుభాకాంక్షలు. అందుకున్నవాడి ఫోన్‌లో జవాబిచ్చే ఏర్పాటే లేదు” అన్నాడు బావ.

“అదృష్టవంతుడు” అంది అక్క.

పక్క గదికి పంపితే ఏం తెలుస్తుంది, ఊరు దాటాలి, పైగా నిజం మెసేజ్‌లా ఉండాలి అని బావకి మూడో రోజు, అంటే బుధవారం మధ్యాహ్నం, తోచింది. కాకినాడలో మా పిన్ని ఉంది. పాత ఫోన్‌లోంచి ఆవిడకి ఇలా కొట్టాడు: ‘రేపు పొద్దున్న నలుగురం వస్తున్నాం. పెసరట్లు చెయ్యండి.’

“చివర ‘ఇది పరీక్ష మాత్రమే.’ అని పెట్టు బావా” అన్నాను.

పెట్టి చూశాడు. ఇంగ్లీషు అక్షరాలైతే ఒక మెసేజ్‌లో 160 పడతాయి. తెలుగైతే 70 మాత్రమే. అందులోనూ గుణింతానికో లెక్క, వత్తుకో లెక్క. ‘స్త్రీ’ అని ఒక్క అక్షరం కొడితే ఆరు పోతాయి. పరీక్ష ముక్క చేరిస్తే మొత్తం 72 అయింది. రెండక్షరాల కోసం రెండు మెసేజ్‌ల లెక్క వేస్తారా అని బావ ఆ ముక్క తీసేసి పంపేశాడు. వాక్యాల చివర రెండు చుక్కలు తీసేసినా సరిగ్గా 70కి సరిపోయేదని మా మేనల్లుడు లెక్కగట్టి చెప్పాడు. ఆదివారం చెప్పాడు.

బుధవారం డెలివరీ రిపోర్ట్ రాలేదు. గురువారమూ రాలేదు. ‘చేరలేదు, నెట్‌వర్క్ విఫలం’ అని వ్యాఖ్య రాసి, బావ పాత ఫోన్ కట్టేసి సంచిలో పడేశాడు.

పాపం నెట్‌వర్క్ తప్పేమీ లేదు. మెసేజ్ నేరుగా ఫోన్‌కి పోదు. మధ్యలో మెసేజ్ సెంటర్ దాన్ని పట్టుకుని, అవతలి ఫోన్ కట్టేసి ఉంటే తెరుచుకునేదాకా గడువు మేరకు దాచిపెడుతుంది. పిన్ని బటన్ ఫోన్ చార్జింగ్ అయిపోయి ఫ్రిజ్ మీద పడి ఉంది. శుక్రవారం రాత్రి ఎవరో ప్లగ్గులో పెట్టారు. ఫోన్ తెరుచుకుంది, కుయ్‌మంది, ‘రేపు పొద్దున్న నలుగురం’ అంది. ఆవిడ అప్పటికప్పుడు పెసలు నానబోసింది.

శనివారం తొమ్మిదింటికి అక్కకి ఫోన్. “ఏమ్మా, ఎక్కడిదాకా వచ్చారు? ఉప్మా చల్లారిపోతోంది.”

అక్క ఇంట్లోనే ఉన్నానంది. అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు.

ఆ రోజంతా మా ఇంట్లో ఎవరూ ఎవరికీ మెసేజ్ పంపలేదు. మర్నాడు పొద్దున్నే ఆత్రేయపురం పూతరేకుల పెట్టె పట్టుకుని నలుగురం బస్సెక్కాం. పిన్ని పెద్ద మనిషి, పల్లెత్తు మాట అనలేదు. మూతి మాత్రం ముడుచుకునే ఉంది. నిన్నటి పిండే అనుకుంటా, కాస్త పులిసినా, అల్లప్పచ్చడితో అట్లు అమోఘంగా ఉన్నాయి.

రెండో అట్టు మధ్యలో బావకి తన నిర్దోషిత్వం నిరూపించుకోవాలనిపించింది. “నేను పంపింది బుధవారమండీ అత్తయ్యగారూ, చూపిస్తానుండండి” అంటూ ఎడంచేత్తో సంచిలోంచి పాత ఫోన్ తీసి ఆన్ చేశాడు.

అది వెలిగిన నిమిషానికి కుయ్‌మంది. పిన్ని పంపింది: ‘మీరు ఇంక మా ఇంటికి రానక్కర్లేదు.’

అక్క తలెత్తలేదు. పిన్ని పెనం వైపు తిరిగింది. మేనల్లుడు నోట్లో అట్టు నోట్లోనే ఉంచుకున్నాడు. బావ ఒక్కడే ప్రశాంతంగా జేబులోంచి నోట్‌బుక్ తీసి, గడియారం చూసుకుని, ‘చేరిన సమయం’ గడి నింపాడు.

“అత్తయ్యగారూ, దీన్ని మీరు నిన్న సరిగ్గా ఎన్నింటికి పంపారో గుర్తుందాండీ?”