గురు మూఢంలో నాసా కూడా నోరు మెదపదు

మా తిరుపతిలో గురు మూఢం, అంటే గురుగ్రహం సూర్యుడి దగ్గరికి చేరి కంటికి కనబడకుండా పోయే కాలం, వచ్చిందంటే కల్యాణ మండపాల్లో వాచ్‌మన్‌కు తప్ప ఎవరికీ పని ఉండదు. పోయిన వారం మేనకోడలి ముహూర్తానికి కూర్చుంటే, దాని అన్న, బెంగుళూరు ఇంజినీరు, ‘ఈ కాలంలో కూడా మూఢం ఏంది మామా?’ అనేశాడు. అయ్యవారు పంచాంగంలో వేలు అడ్డం పెట్టి, మూసి, నా వైపు చూశారు. శాస్త్రాన్ని కాపాడే భారం నా మీద పడింది.

‘ఒరే అబ్బీ, గురుడి దగ్గర ఇప్పటికే ఒక మనిషి, కాదు, యంత్రం ఉంది. పేరు జూనో. 2011 ఆగస్టు 5న బయల్దేరి 2016 జూలైకి చేరింది. భూమికీ గురుడికీ మధ్య సూర్యుడు అడ్డొస్తే రేడియో మాటలు చెదిరిపోతాయని నాసా వాళ్లు కొన్నాళ్లు దానికి ఆదేశాలు పంపరు. మనమూ సరిగ్గా ఆ రోజుల్లోనే పెళ్లిళ్లు ఆపుతాం. కాకపోతే వాళ్లది కొద్ది రోజులే, మనది దాదాపు నెల. నిష్ఠలో ఎవరు ముందున్నట్టు?’

వాడు నోరు తెరిచేలోపు రెండోది వదిలాను. జూనోను 53 రోజుల కక్ష్య నుంచి 14 రోజుల కక్ష్యకు దించాలనుకున్నారు. 2016 అక్టోబరులో ఇంజిన్ కవాటాలు మొరాయించాయి. దించడం మానుకుని 53 రోజులకే సర్దుకున్నారు. గురుడి చుట్టూ తిరిగేదానికే గురుబలం చాలకపోతే, బెంగుళూరులో అద్దెకుండే వాడి సంగతి చెప్పాలా?

అసలు సంగతి బొమ్మలది. శ్రీహరికోట నుంచి రాకెట్ ఎగిరే ముందు మన ఇస్రో పెద్దలు నమూనాను కొండకు తెచ్చి స్వామి ముందు పెడితే మేధావులకు కడుపునొప్పి. నాసా వాళ్లు? ఇంగ్లీషులో గురుడికి పేరిచ్చిన రోమన్ల జూపిటర్ దేవుడినీ, దేవేరి జూనోనీ, పక్కన గెలీలియోనీ అల్యూమినియం లెగో బొమ్మలుగా చేసి నౌకలోనే ఎక్కించారు. దర్శనానికి పోకుండా దేవుడినే వెంటబెట్టుకుపోయారు. దీని మీద ఏ టీవీలోనూ చర్చ చూడలేదు నేను.

గురుడి నడిబొడ్డు గట్టి ముద్దలా కాకుండా, కరిగి పలచబడినట్టుందని జూనో కొలతల్లో తేలిందని కూడా చెప్పాను. అయ్యవారు మొదటిసారి నోరు విప్పారు. ‘గురుడి మనసు వెన్న నాయనా. దానికి అంత దూరం పోవాలా?’

మావాడు చాలాసేపు ఫోన్ చూసుకున్నాడు. ఓడిపోయాడనుకున్నా. తలెత్తి అడిగాడు:

‘మామా, మూఢంలో అయితే మండపం సగానికి ఇస్తారా?’