సెమీ క్రిస్మస్ హోరులో ఆగమన కాలం

డిసెంబరు మొదటి వారానికే కడపలో సెమీ క్రిస్మస్‌లు మొదలవుతాయి. కేకు, బిర్యానీ, ముఖ్య అతిథిగా ఒక నాయకుడు, ఆయన వచ్చేదాకా మైకు. ఇరవై ఐదో తేదీకి పండగ సగం అరిగిపోయి ఉంటుంది. కేకు మీద నాకేం కోపం లేదు. నా బాధల్లా ఆ హోరులో ఆగమన కాలం వినబడకుండా పోతోందనే.

క్రీస్తు రాక కోసం ఎదురుచూస్తూ, క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల కాలమిది. నవంబరు 30కి దగ్గరి ఆదివారం మొదలవుతుంది కాబట్టి ఒక ఏడాది 22 రోజులే ఉంటుంది, ఇంకో ఏడాది 28. కతోలిక, సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) చర్చిల్లో పాటిస్తారు, చాలా సంఘాల్లో ఊసే ఉండదు. కతోలిక ఫాదర్ ఊదా వస్త్రాలు వేసుకుంటారు. ఆదివారం పూజలో మహిమ గీతం పాడరు. బెత్లెహేము రాత్రి దేవదూతలు పాడిన పాట కదా, ఆ రాత్రి దాకా దాచుకుంటారన్నమాట.

తెలుగు బైబిలులో 'కనిపెట్టు' అనే మాట నాకు భలే ఇష్టం. మనకది కొత్తది కనుక్కోవడం. 130వ కీర్తనలో మాత్రం ఎదురుచూడటం: "కావలివారు ఉదయముకొరకు కనిపెట్టుటకంటె ఎక్కువగా నా ప్రాణము ప్రభువుకొరకు కనిపెట్టుచున్నది." శెనక్కాయ చేలో అడవి పందులకు కావలి కాసినవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. రాత్రి ఎంత పొడుగో వాళ్లకు తెలుసు.

ఇక్కడ ఇంకో రకం కావలి కూడా ఉంది. రాజంపేట, రాయచోటి, రైల్వేకోడూరు పల్లెల నుంచి ఇంటిపనికి కువైట్ పోయిన ఆడవాళ్లు ఎంతమందో. పిల్లలు అవ్వల దగ్గర పెరుగుతుంటారు. నిరుడు ఆగమనం రెండో ఆదివారం నా ముందు బెంచీలో అలాంటి అవ్వా మనవరాలూ కూర్చున్నారు. "అమ్మ లేచింటుందా అవ్వా?" అంది పాప. "మనకు ఏడు. ఆడ నాలుగున్నర. ఇంకా లేదులే." గడియారం వైపు చూడకుండానే రెండున్నర గంటలు తీసేసింది ఆ అవ్వ.

సెమీ క్రిస్మస్ స్టేజీ ముందు ఆ ఇద్దరూ నవ్వి ఫొటో దిగాలి. ఆగమన కాలం అలా బలవంతపెట్టదు. రావాల్సింది ఇంకా రాలేదని చర్చే ఒప్పుకునే నాలుగు వారాలవి.

ఆ విందుల వల్ల పక్కమతం వాళ్లూ వస్తారు, నలుగురికీ అన్నం దొరుకుతుంది అంటారు. నిజమే. అదే విందు క్రిస్మస్ తర్వాత పెట్టొచ్చుగా? క్రిస్మస్ కాలం ఒక్కరోజుతో అయిపోదు, జనవరి దాకా ఉంటుంది. అప్పుడు మైకు పెట్టేవాళ్లే కనబడరు.

ఆగమన కాలంలో చర్చిలో ఆకుల చట్రం మీద నాలుగు కొవ్వొత్తులు పెట్టి ఆదివారానికొకటి వెలిగిస్తారు. ఆరోజు పూజ అయ్యాక పాప దాని దగ్గరికి పోయి, ఇంకా వెలిగించకుండా ఉంచిన రెండు కొవ్వొత్తులనూ వేలితో తాకి చూసింది. అవ్వ కొంగుముడి విప్పి ఫోను తీసింది. ఎనిమిది. అక్కడ ఇంకా ఐదున్నరే.