మడి చెడిన పాట

సంగీతానికి మడి అవసరమని నమ్మే కొద్దిమందిలో నేనొకణ్ణి. చర్చి పాట చర్చిలోను, సారా కొట్టు పాట సారా కొట్టులోను, పశువుల కాపర్ల పాట పచ్చికబయళ్లలోను ఉండాలని, ఒకదాని గాలి మరొకదానికి సోకరాదని, సోకితే తలస్నానం చేయించిగాని గడప దాటనివ్వరాదని నా దృఢాభిప్రాయం. ఈ అభిప్రాయానికి గత డెబ్బయ్యేళ్లలో అందరికంటె ఎక్కువ నష్టం కలిగించిన మనిషి మీద ఇంతవరకు సరైన ఫిర్యాదు ఒక్కటీ దాఖలు కాలేదు. తోటి కళాకారులందరూ పొగిడి ఊరుకున్నారు. అందుచేత ఆ భారం నా నెత్తిన పడింది.

ఆయన పేరు రే చార్లెస్; అమెరికాలోని నల్లజాతి గాయకుడు, పియానో వాద్యకారుడు. అసలు పేరు రే చార్లెస్ రాబిన్సన్; షుగర్ రే రాబిన్సన్ అనే బాక్సర్ అప్పటికే ప్రసిద్ధుడు కావడంతో చివరి ముక్క వదులుకున్నాడు. ఇతరుల హద్దును ఈయన గౌరవించిన సందర్భం నాకు తెలిసి ఇదొక్కటే. 1930లో జార్జియా రాష్ట్రంలోని ఆల్బనీలో పుట్టి, ఫ్లోరిడాలోని గ్రీన్‌విల్‌లో పెరిగి, ఏడేళ్ల వయసుకే చూపు పోగొట్టుకుని, సెయింట్ అగస్టీన్‌లోని బధిరాంధుల పాఠశాలలో బ్రెయిలీ లిపిలో సంగీతం నేర్చుకున్నాడు. మా వర్గం వారు గీసిన సరిహద్దు గీతలను బ్రెయిలీలో అచ్చు వేయించకపోవడం మా పొరపాటేనని ఒప్పుకుంటున్నాను.

ఆ గీతల సంగతి కొంచెం చెప్పాలి. అమెరికాలో నల్లవారి సంగీతానికి ఏ పాట ఎంత ఆదరణ పొందిందో వరుస కట్టి చెప్పే బిల్‌బోర్డ్ పత్రిక, ‘రేస్ (జాతి) రికార్డులు’ అనే విడి పట్టిక వేసేది. ఆ పేరు వినడానికి బాగాలేదని 1949లో దానిని ‘రిథమ్ అండ్ బ్లూస్’ అని మార్చారు. గోడ పాతదే, సున్నం కొత్తది. ఆ కొత్త పేరు పెట్టిన జెర్రీ వెక్స్‌లర్ అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆయన అట్లాంటిక్ రికార్డ్స్ కంపెనీలో చేరి, రే చార్లెస్ చేతనే రికార్డులు చేయించాడు. బోర్డు రాసిన చేత్తోనే గడియ తీసిన ఇలాంటి వారిని ఏమనాలో నాకు తోచడం లేదు.

మొదటి నేరం 1954 నవంబరులో అట్లాంటాలో జరిగింది. కచేరీకి పోతూ కారు రేడియోలో విన్న ఒక సువార్త గీతాన్ని పట్టుకుని, అందులోంచి దేవుణ్ణి మర్యాదగా దింపి, ఆ స్థానంలో ఊరవతల ఉన్న ప్రియురాలిని కూర్చోబెట్టి ‘ఐ గాట్ ఎ ఉమన్’ అని పాడాడు. ఆ కేక, ఆ మూలుగు, ఆ చప్పట్లు అన్నీ ఆదివారం ఉదయానివి. మాటలు మాత్రం శనివారం రాత్రివి. నల్లవారి విషాద గీతాలైన బ్లూస్‌లో పెద్దవాడైన బిగ్ బిల్ బ్రూన్జీ సైతం ఇది తప్పని, ఇతను చర్చిలో పాడుకోవలసినవాడని అన్నాడు. జనం మాత్రం ఆ కల్తీకి ‘సోల్’, అంటే ఆత్మ, అనే పేరు ఖాయం చేసుకున్నారు. మన అయ్యప్ప భజనల్లో సినిమా బాణీ మీదికి స్వామివారిని ఎక్కిస్తారు గదా అని మీరు అడగవచ్చు. ఎక్కించడం వేరు, దింపడం వేరు. మొదటిది భక్తి, రెండవది అపచారం. బాణీ ఒక్కటే అయినా సరే.

1958 డిసెంబరులో పెన్సిల్వేనియాలోని బ్రౌన్స్‌విల్‌లో, కచేరీకి ఇంకా సమయం మిగిలి, పాటలు అయిపోగా, తాను ఏమంటే అది తిరిగి అనమని వెనుక పాడే అమ్మాయిలకు చెప్పి, ఎలక్ట్రిక్ పియానో మీద నోటికి వచ్చింది మొదలుపెట్టాడు. పాస్టరు ఒక మాట అనడం, సభ బదులు పలకడం అనే ప్రార్థనా పద్ధతిని నడుము కదిలించే పనికి వాడుకున్న ఆ ‘వాట్‌డ్ ఐ సే’ను మరుసటి ఏడాది కొన్ని రేడియో కేంద్రాలు నిషేధించాయి. ఆ కేంద్రాల వారికి నా నమస్కారాలు. వారి కృషి ఫలించలేదు. హాంబర్గ్ క్లబ్బుల్లో రాత్రంతా వాయించవలసి వచ్చిన లివర్‌పూల్ కుర్రవాళ్లు, కాలం గడపడానికి ఆ పాటనే సాగదీసి వాయించారు. తరువాత లోకమంతా ఎరిగిన బీటిల్స్ వారే.

అసలు అంటు వ్యాపించిన తీరు చూస్తే గుండె చెదురుతుంది. షెఫీల్డ్‌లో గ్యాస్ గొట్టాలు బిగించే పని నేర్చుకుంటున్న జో కాకర్‌కు, బెల్‌ఫాస్ట్‌లో కిటికీ అద్దాలు తుడిచిన వాన్ మారిసన్‌కు, తరువాత గాయకులైన ఆ ఇద్దరికీ, జార్జియా గొంతుతో ఏమి పని? డెట్రాయిట్‌లో స్టీవీ వండర్ అనే పన్నెండేళ్ల పిల్లవాడి చేత 1962లో ‘రే మామయ్యకు నివాళి’ అనే అర్థం వచ్చే పేరుతో ఏకంగా ఒక ఆల్బమే పాడించారు. గాయకుడు బిల్లీ జోయెల్ తన కూతురి పేరులోనే ‘రే’ చేర్చుకున్నాడు. ఇక 2005లో ర్యాప్ గాయకుడు కాన్యే వెస్ట్, సినిమాలో రే చార్లెస్‌గా నటించి ఆస్కార్ పొందిన జేమీ ఫాక్స్‌ను తోడు తెచ్చుకుని, ఆ 1954 నాటి పాటనే ర్యాప్ కింద పరచి పది వారాలు మొదటి స్థానంలో కూర్చున్నాడు. చర్చిలో పుట్టిన బాణీ మనవడి తరానికి అక్కడిదాకా వచ్చింది.

ఇవన్నీ క్షమించినా 1962ను క్షమించలేను. ఆ ఏడాది ఆయన తెల్లవారి పల్లెపాటలుగా పేరుబడ్డ కంట్రీ పాటలు పన్నెండు ఏరి, వయొలిన్లు, బాకాలు జోడించి ఆల్బమ్ చేశాడు. అది పద్నాలుగు వారాలు ప్రథమ స్థానంలో నిలిచింది. కంట్రీ రచయిత డాన్ గిబ్సన్ రాసిన ‘ఐ కాంట్ స్టాప్ లవింగ్ యూ’ దేశమంతా మోగింది. ఈ సంక్షోభంలో అమెరికా సంగీత బహుమతులైన గ్రామీల పెద్దలు చూపిన సమయస్ఫూర్తిని మాత్రం మెచ్చుకోక తప్పదు: ఆ కంట్రీ పాటకు ఉత్తమ రిథమ్ అండ్ బ్లూస్ రికార్డింగు బహుమతి ఇచ్చారు. పాట ఏదని చూడలేదు, పాడినవాడు ఎవరని చూశారు. వర్గీకరణ శాస్త్రం ఇంత నిర్మలంగా పలికిన సందర్భం మరొకటి లేదు.

ఆ రోజుల్లోనే ఆయన మరో గీత కూడా దాటాడు. 1961లో జార్జియాలోని ఆగస్టాలో, నృత్యశాల కింది అంతస్తు తెల్లవారికి, పై వసారా నల్లవారికి అని తెలిసి కచేరీ మానుకున్నాడు. ఒప్పందం తప్పినందుకు 757 డాలర్ల జరిమానా పడింది. పాటల అరలకు, మనుషుల అంతస్తులకు సంబంధం ఉందని ఎవరైనా అంటే నేను ఖండిస్తాను. కాని రెండింటి వడ్రంగి ఒకడేనేమో అన్న అనుమానం అప్పుడప్పుడు నన్నూ పీడిస్తుంది. అదే జార్జియా 1979లో ఆయన పాడిన పాటను తన రాష్ట్ర గీతం చేసుకుంది.

మా వర్గం వారు మాత్రం తేలిగ్గా లొంగలేదు. కంట్రీ ప్రముఖుల గౌరవ మందిరమైన కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్ రే చార్లెస్‌ను ఎన్నుకున్నది 2021లో, అంటే ఆల్బమ్ వచ్చిన 59 ఏళ్లకు, మనిషి పోయిన 17 ఏళ్లకు. 2019లో నల్లజాతి గాయకుడు లిల్ నాస్ ఎక్స్ పాటను కంట్రీ పట్టిక నుంచి బిల్‌బోర్డ్ తొలగించింది. అది ప్రధాన పట్టికలో 19 వారాలు మొదటి స్థానంలో ఉండి మమ్మల్ని అవమానించింది. 2025లో నల్లజాతి గాయని బియాన్సే ఉత్తమ కంట్రీ ఆల్బమ్ గ్రామీ బహుమతి గెలిచిన కొన్ని నెలలకే, ఆ బహుమతిని ‘సమకాలీన’, ‘సంప్రదాయ’ అని రెండుగా చీల్చినట్లు ప్రకటన వెలువడింది. రెండింటికీ సంబంధం లేదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.

మా ఇంట్లో డిస్కుల బీరువాకు అరలు నేనే గీసి, చీటీలు అంటించాను. రే చార్లెస్‌ను ముందు సోల్ అరలో పెట్టాను. కుదరక జాజ్‌లోకి, అక్కడి నుంచి బ్లూస్‌లోకి, తరువాత కంట్రీలోకి మార్చాను. మార్చిన ప్రతిసారీ పక్కనున్న నలుగురైదుగురు ఆయన వెంట నడిచారు. విసిగి, గత నెల ఆ డిస్కులన్నీ వంటింటి అటక మీదికి చేర్చాను. నిన్న చూస్తే బీరువా సగం ఖాళీగా ఉంది, అటక నిండిపోయింది, మా ఆవిడ పప్పు డబ్బాలు తెచ్చి సోల్ అరలో సర్దుకుంటోంది.