రెండు గోలీలు, సకల పాప పరిహారం

నల్లగొండ గడియారం చౌరస్తాలో సాయంత్రం ఏ చాయ్ హోటల్ ముందైనా కాసేపు నిలబడండి. ఓ పెద్దమనిషి జేబులోంచి చిన్న డబ్బీ తీసి, చక్కెర లేని చాయ్‌లో టిక్కుటిక్కుమని రెండు కృత్రిమ తీపి గోలీలు రాలుస్తాడు. చెంచాతో గిరగిరా తిప్పుతాడు. అందులోనే నాలుగు ఉస్మానియా బిస్కెట్లు ముంచుకుని తింటాడు. ఇంతటి వైద్య విధానాన్ని సర్కారు ఇంకా గుర్తించకపోవడం మన జిల్లాకు జరిగిన అన్యాయాల్లో ఒకటి.

లెక్క మాత్రం పక్కా. చెంచా చక్కెర మానేస్తే మిగిలేది 20 కేలరీలకు అటూ ఇటూ. ఆ మిగులును దావత్‌లో డబుల్ కా మీఠా కింద ఖర్చు పెట్టుకోవచ్చు. చెంచా మిగిల్చి గిన్నె ఖర్చు చేస్తే బడ్జెట్‌లో లోటంటారు, మనం కంట్రోల్ అంటాం. "నాకు షుగర్ బిడ్డా, చాయ్‌ల చక్కెర ఎయ్యకు" అని కోడలికి చెప్పిన నోరే ఉగాదినాడు "ఇంకో రెండు బచ్చాలెయ్యి, నెయ్యి మరవకు" అంటుంది.

ఈ తీపి పుట్టుకే ఘనమైనది. 1879లో అమెరికాలో ఫాల్‌బర్గ్ అనే రసాయన శాస్త్రవేత్త తారు పదార్థాలతో పనిచేసి, చేతులు కడుక్కోకుండా తిండికి కూర్చుంటే రొట్టె తియ్యగా తగిలిందట. అదే శాకరిన్. ఇంట్లో మన అమ్మలాంటి అమ్మ ఉంటే ఈ ఆవిష్కరణ చెయ్యి కడుక్కునే చోటే కొట్టుకుపోయేది.

2023 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, బరువు తగ్గడానికి ఇలాంటి కృత్రిమ తీపి పదార్థాలను నమ్ముకోవద్దని చెప్పింది. ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్లకు ఈ సలహా వర్తించదనీ చెప్పింది. మన పెద్దమనిషి ఆ రెండో మాటే చదివాడు. జులైలో ఆ సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం, ఆస్పర్టేమ్ అనే మరో కృత్రిమ తీపిని క్యాన్సర్ కారకం 'కావచ్చు' అనే 2బీ జాబితాలో చేర్చింది. వాకింగ్ బ్యాచ్‌లో ఒకటే టెన్షన్! 70 కిలోల మనిషి ఆస్పర్టేమ్ రోజువారీ సురక్షిత పరిమితి దాటాలంటే రోజుకు 9 నుంచి 14 డబ్బాల డైట్ కూల్‌డ్రింక్ కంటే ఎక్కువే తాగాలన్న సంగతి ఎవరికీ పట్టలేదు. కలబంద జ్యూస్ తాగుతూ గంటసేపు చర్చించారు. కలబంద ఆకు మొత్తంగా తీసిన సారమూ ఆ జాబితాలోనే ఉంది. పొద్దున్నే వాళ్ల మనసు పాడుచేయడం ఇష్టంలేక నేను నోరెత్తలేదు.

ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టుజబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఆస్పర్టేమ్ జోలికి పోకూడదు. ఆ హెచ్చరిక డబ్బీ మీద ఎక్కడో చీమల బారులా ఉంటుంది.

ఇక ప్రభుత్వానికి నా విన్నపం ఒక్కటే. ఫాస్టింగ్ టెస్టుకు ముందు రెండు రోజులు నిష్ఠగా ఉండి, "కంట్రోల్‌లనే ఉంది సార్" అని డాక్టర్ ముందు తలెత్తుకునే సంప్రదాయం మనది. హెచ్‌బీఏ1సీ అనే పరీక్ష వచ్చి రెండు మూడు నెలల బాగోతమంతా బయటపెడుతోంది. చాడీలు చెప్పే ఆ పరీక్షను తక్షణం నిషేధించాలి.