కారం దోసెకు పేటెంటు కావాలి

కడపలో హోటళ్ళకు లెక్క లేదు. దోసె మాత్రం ఒక్కటే. ఏడు రోడ్ల కూడలిలో తిన్నా, బస్టాండు దగ్గర తిన్నా అదే పిండి, దాని మీద అదే ఎర్ర కారం, ఆపైన అదే పప్పుల పొడి. ఎవరో ఒక మహానుభావుడు ఎప్పుడో కనిపెట్టాడు. తక్కినవాళ్ళు చూశారు, నేర్చుకున్నారు, అమ్ముకుంటున్నారు. మాటకు ముందు కత్తి లేస్తుందని సినిమావాళ్ళు ప్రచారం చేసిన ఈ సీమలో, దోసె విషయంలో ఎవరూ ఎవరినీ అడ్డుకోలేదు. మన వెనుకబాటుకు కారణం ఇదేనని సవినయంగా మనవి చేస్తున్నాను.

పేటెంటు పండితులు చెప్పే మాట చాలా గొప్పది. కనిపెట్టినదాన్ని వాడుకునే హక్కు కొన్నేళ్ళపాటు ఒకరికే కట్టబెడితే పోటీదారు చేతులు ముడుచుకుని కూర్చోడట. పక్కదారి వెతుకుతాడట. ఆ దారిలో కొత్త ఆవిష్కరణ దొరుకుతుందట. అంటే అడ్డు ఎంత గట్టిదైతే ప్రగతి అంత వేగం. రోడ్డు తవ్వి నెలల తరబడి పూడ్చకుండా వదిలేసేవాళ్ళను ఇన్నాళ్ళూ తిట్టుకున్నాం. కాలనీవాసుల్లో అన్వేషణాశక్తిని మేల్కొలపడానికే వాళ్ళు పూడ్చలేదని ఎవరికైనా తట్టిందా?

ఉదాహరణ కావాలంటే ఆవిరి యంత్రాన్ని మెరుగుపరచిన జేమ్స్ వాట్‌ ఉన్నాడు. ఆవిరిని వేరే గదిలో చల్లబరిచే పద్ధతికి 1769లో పేటెంటు తెచ్చుకున్నాడు. అది చాలక 1775లో బ్రిటన్ పార్లమెంటు చేత 1800 దాకా పొడిగించుకున్నాడు. ఇతరుల దారికి అంత పెద్ద గేటు బిగించిన మనిషికి తన ఇంజనుతో చక్రం తిప్పాల్సిన అవసరం వచ్చింది. తిప్పడానికి క్రాంకు, అంటే ముందుకూ వెనక్కూ ఆడే కదలికను గుండ్రటి తిరుగుడుగా మార్చే వంపు కడ్డీ, కావాలి. తీరా చూస్తే ఆవిరి యంత్రంలో క్రాంకు వాడకం మీద 1780లోనే పికార్డ్ అనే ఆయన పేటెంటు సంపాదించాడు. క్రాంకు కొత్తదేమీ కాదు, కాలితో తొక్కే యంత్రాల్లో ఎప్పటి నుంచో ఉన్నదే. మన దర్జీలు రోజూ తొక్కే కుట్టుమిషనులో ఉన్నదీ అదే. వాట్ ఏం చేశాడు? 1781లో చక్రం తిప్పడానికి ఒకటి కాదు, ఐదు ప్రత్యామ్నాయాలకు పేటెంటు తీసుకున్నాడు. అందులో ఒకటి సూర్యుడి చుట్టూ గ్రహం తిరిగినట్టు ఒక పళ్ళచక్రం చుట్టూ మరొకటి తిరిగే ఏర్పాటు. చూడముచ్చటైన పరికరం. పికార్డ్ హక్కు గడువు తీరాక లోకమంతా నిలిచింది మాత్రం ఆ పాత క్రాంకే. ఈ చివరి వాక్యాన్ని పండితులు సాధారణంగా చెప్పరు. నేనూ చెప్పకుండా ఉండాల్సింది.

ఇక మన పెనం దగ్గరకు వద్దాం. ఒక హోటలు యజమాని చెన్నైలోని పేటెంటు కార్యాలయంలో దరఖాస్తు పెట్టాడనుకుందాం; మన రాష్ట్రం దాని పరిధిలోదే. అందులో మొదటి క్లెయిము, అంటే హక్కు కోరే అంశం, ఇలా ఉంటుంది: 'వేడి పెనంపై పరచిన పిండి మీద మిరప, ఉల్లి, వెల్లుల్లి నూరిన ముద్దను గరిటెతో పూయు విధానం'. హక్కు కావాలంటే కిటుకు బయటపెట్టాలి. దరఖాస్తు 18 నెలలకు లోకానికి వెల్లడవుతుంది. ఆ మరునాడే ఎదురు హోటలు యజమాని దాన్ని భక్తితో పారాయణం చేస్తాడు. ఆయన వెతికేది అందులో ఉన్నదాని కోసం కాదు, లేనిదాని కోసం. రాసుకున్నంత మేరకే హక్కు. రాయనిది ఊరుమ్మడి సొత్తు.

'పిండి మీద' అన్నారు కదా, మనం ముందు పెనానికి కారం పూసి దాని మీద పిండి పోద్దాం అంటాడాయన. ఇంకొకాయన గరిటె వదిలేసి చేత్తో పూస్తాడు. మరొకాయన కారాన్ని రుబ్బుడులోనే కలిపేస్తాడు. అందరికన్నా మేధావి కారాన్ని గిన్నెలో విడిగా పెట్టి, "పూసుకునే పని మీదే సార్, కేసు వస్తే అదీ మీదే" అంటాడు. ఒక్క అడ్డుతో ఎన్ని ఆవిష్కరణలో చూడండి! వీటిలో ఏదీ అసలు దోసెకన్నా రుచిగా ఉండదన్నది వేరే సంగతి. రుచి పేటెంటు చట్టం పరిధిలోకి రాదు.

తర్వాత దావా పడుతుంది. చట్టం దృష్టిలో చేయి కూడా గరిటేనని హక్కుదారు తరఫు వకీలు వాదిస్తాడు. పేటెంటు ఉల్లంఘన కేసు జిల్లా కోర్టుకు తక్కువైన చోట వేయకూడదు. ఇది మా అవ్వ కాలం నాటిది, అసలు పేటెంటే చెల్లదు, రద్దు చేయండి అని ప్రతివాది ఎదురు దావా వేశాడా, కేసు హైకోర్టుకు బదిలీ అవుతుంది. రాజధాని, హైకోర్టుల్లో కోరుకున్నది సీమకు దక్కాలన్న 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికను పట్టుకుని కర్నూలు వైపు ఆశగా చూస్తున్నవాళ్ళకు ఇంతకన్నా ఊరట ఏముంటుంది? హైకోర్టు సీమకు రాకపోయినా సీమ దోసె హైకోర్టుకు వెళ్తుంది.

నిజానికి ఈ సిద్ధాంతం పనిచేసిన సందర్భాలు లేకపోలేదు. జిరాక్స్ వాళ్ళ పేటెంట్ల కంచె దాటడానికి జపాన్‌లోని కెనాన్ మామూలు కాగితం మీద నకలు తీసే మరో పద్ధతి తయారుచేసి 1968లో ప్రకటించింది. మన దేశంలో 1970 నాటి చట్టం మందు మీద కాక, మందు తయారుచేసే పద్ధతి మీదే హక్కు ఇచ్చింది, అదీ మహా అయితే 7 ఏళ్ళు. మన రసాయన శాస్త్రవేత్తలు అదే మందుకు వేరే దారులు వేశారు. ఊరు ఒకటే, దారులు అనేకం, ధరలు దిగాయి. 2005 నుంచి ఊరి మీదే హక్కు ఇస్తున్నాం, 20 ఏళ్ళకు. ఇప్పుడు పోటీదారు వేరే ఊరు కట్టుకోవాలి. రోగి మాత్రం మొండిగా పాత ఊరికే వెళ్తానంటాడు. ఆవిష్కరణ స్ఫూర్తి లేని మనిషి.

పసుపు సంగతీ అంతే. పసుపు గాయాన్ని మాన్పుతుందని అమెరికా 1995లో ఒక పేటెంటు ఇచ్చింది. మన శాస్త్ర పారిశ్రామిక పరిశోధనా మండలి వాళ్ళు పాత గ్రంథాలు చూపించి 1997లో రద్దు చేయించారు. తొందరపడ్డారు. ఆ హక్కు ప్రపంచమంతా పాకి ఉంటే మైదుకూరు పసుపు రైతు ఈపాటికి గాయానికే ప్రత్యామ్నాయం కనిపెట్టి ఉండేవాడు.

అన్నిటికన్నా పట్టుదలగా ప్రత్యామ్నాయం వెతికేది పోటీదారు కాదు, గడువు దగ్గరపడ్డ హక్కుదారే. ఆయన కనిపెట్టే ప్రత్యామ్నాయం తరచుగా ఆ పాత మందే, కొంచెం రూపు మార్చుకుని. మన చట్టంలో సెక్షన్ 3(డి) అనే పుల్లవిరుపు నిబంధన ఒకటుంది: తెలిసిన పదార్థానికే కొత్త రూపం ఇస్తే, సామర్థ్యం పెరిగిందని చూపాలి. క్యాన్సర్ మందు గ్లివెక్ విషయంలో నోవార్టిస్ కంపెనీ ఆ పరీక్ష దాటలేదని 2013లో సుప్రీంకోర్టు తేల్చింది.

కాబట్టి మన హోటలు యజమాని తన హక్కు గడువు పంతొమ్మిదో ఏట 'నాలుగు మడతల కారం దోసె'కు దరఖాస్తు పెట్టినప్పుడు, మడత పెట్టాక కారం పెరిగిందా అని పరీక్షాధికారి అడగక తప్పదు. ఆ విచారణకు కడప నుంచి సాక్షులు బస్సులు మాట్లాడుకుని మరీ చెన్నై వెళ్తారు. పది దోసెలు తిని, చెమట తుడుచుకుని, ఇంకో పది తెప్పించమని చెప్పి, కారం ఇంకా చాలలేదని వాంగ్మూలం ఇస్తారు.